ప్రతి సామ్రాజ్య పతనానికీ అవే ఐదు కారణాలా?

గ్రూప్స్ బెంచి (ప్రశ్న):

నమస్తే. గ్రూప్-1 మెయిన్స్‌కి ఆంధ్ర చరిత్ర చదువుతున్నాను. ‘కాకతీయ సామ్రాజ్య పతనానికి కారణాలు’ అన్న ప్రశ్నకి నా నోట్సులో ఐదు పాయింట్లున్నాయి: అసమర్థ వారసులు, సామంతుల తిరుగుబాట్లు, అంతర్గత కలహాలు, పన్నుల భారం, విదేశీ దండయాత్రలు. పేజీలు తిప్పి విజయనగరం దగ్గరికొస్తే అవే ఐదు. గోల్కొండకీ అవే. మొఘలులకి చూశాను, అక్కడా అవే. కాకపోతే ఔరంగజేబు మత విధానం అని ఆరోది కలిపారు.

ఇలాగే రాస్తే మార్కులు రావచ్చు గానీ నాకు మింగుడుపడటం లేదు. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు అసమర్థుడైతే 1289 నుంచి 1323 దాకా రాజ్యం ఎలా నడిపాడు? ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లు ముట్టడించి కప్పం పట్టుకెళ్లిన తర్వాత కూడా పదమూడేళ్లు నిలబడ్డాడు కదా. విజయనగరాన్ని నడిపిన అళియ రామరాయల్ని అసమర్థుడని ఎవరనగలరు? దక్కను సుల్తానులని ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పి ఇరవై ఏళ్లు ఆడించినవాడు.

ఇంకో సంగతి. పతనం గురించి ఇన్ని పాయింట్లు ఇస్తారు, మళ్లీ లేవడం గురించి ఎవరూ చెప్పరు. 1323లో ఓరుగల్లు పడింది. 1336కల్లా ఢిల్లీ మనుషుల్ని తరిమేశారు, అదే ఏడాది విజయనగరానికి పునాది పడిందంటారు. పడగొట్టిన ఐదు కారణాలూ పదమూడేళ్లలో ఎక్కడికి పోయాయి? 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిన తర్వాత మాత్రం ఎందుకు అంత గట్టిగా లేవలేదు?

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. లింకులు వద్దు, మీ మాటల్లో చెప్తే చాలు.


ఆదివారం పాఠకుడు:

దీనికి పద్నాలుగో శతాబ్దంలోనే ఒకాయన జవాబు రాశాడు. ఇబ్న్ ఖల్దూన్. 1332లో ట్యూనిస్‌లో పుట్టాడు, అంటే విజయనగరం పెట్టిన మన హరిహర బుక్కరాయల కాలం మనిషే. ఆయన లెక్క ఇదీ: ఎడారిలోనో కొండల్లోనో కష్టపడి బతికే గుంపుకి ఒకరికోసం ఒకరు చచ్చే కట్టుబాటు ఉంటుంది. ఆ బలంతో నగరాన్ని గెలుస్తారు. మొదటి తరం గెలుస్తుంది, రెండోది చూసి నేర్చుకుంటుంది, మూడోది విని నేర్చుకుంటుంది, నాలుగో తరానికి సుఖం తప్ప ఏమీ తెలియదు. అప్పటికి అంచుల్లో ఇంకో ఆకలిగొన్న గుంపు తయారై ఉంటుంది. అటూ ఇటూగా నూట ఇరవై ఏళ్లు.

మనవాళ్లకి వేసి చూడండి. రుద్రదేవుడు 1163లో స్వతంత్రుడయ్యాడు, 1323లో అయిపోయింది: 160. విజయనగరం మొదటి వంశం సంగమ, 1336 నుంచి 1485: 149. గోల్కొండ కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687: 169. కొంచెం ఎక్కువ బతికారు గానీ కొలత అదే.


కలివికోడి:

బాబూ, నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాను. కడప జిల్లాలో మైనర్ ఇరిగేషన్‌లో ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యాను. ఉద్యోగం అంతా చెరువు కట్టల మీదే గడిచింది. కాబట్టి నేను చూసేది కింది నుంచి, కట్ట మీంచి. అది ముందే చెప్తున్నా, నచ్చకపోతే దాటుకుని పోండి.

ముందు ఆదివారం పాఠకుడు గారికి ఒక మాట. మీ లెక్కలో సంగమవాళ్ల తర్వాత వచ్చిన సాళువ వంశాన్ని వదిలేశారు. 1485లో ఎక్కి 1505కి దిగిపోయారు. ఇరవై ఏళ్లలో నాలుగు తరాల సుఖం ఎలా అనుభవించారండీ? పోనీ విజయనగరాన్ని మొత్తం ఒకే రాజ్యంగా తీసుకుంటే మూడు వందల ఏళ్లు దాటింది. ఏ లెక్క నప్పితే ఆ లెక్క పట్టుకోవడం కుదరదు కదా. ఎడారి గుంపుల సంగతి ఆయనకి బాగా తెలుసు, అక్కడ నిజమే అయ్యుంటుంది. మన దగ్గర రాజ్యం గెలిచింది ఎడారి నుంచి వచ్చినవాడు కాదు. పక్క తాలూకాలో చెరువు తవ్వించినవాడు.

ఇప్పుడు అసలు విషయం. పోరుమామిళ్లలో ఒక చెరువుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ 1369లో కట్టించాడు. అనంతరాజ సాగరం అని పేరు. రెండు రాతి పలకల మీద సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. నేను సర్వీసులో చూసిన చాలా ఎస్టిమేట్ల కంటే అది స్పష్టంగా ఉంది, నవ్వుకోకండి. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని జాబితా ఇచ్చాడు. అంగాల్లో మొదటిది ధర్మం తెలిసిన, డబ్బున్న, కీర్తి కోరుకునే రాజు. రెండోది నీటి శాస్త్రం తెలిసినవాడు. తర్వాత గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, రెండు కొండల మధ్య మరీ పొడవు కాని రాతి కట్ట, దగ్గర్లో రాయి దొరికే చోటు, చివరికి పనితనం ఉన్న మనుషులు. దోషాల్లో కట్ట కారడం, చౌడు నేల, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం ఉన్నాయి. ఇవన్నీ మేమూ చదువుకున్నవే. ఒక్క దోషం మాత్రం మా సిలబస్‌లో లేదు: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం.

ఎందుకు దోషం? సరిహద్దు చెరువుకి గండి పడితే పూడ్చేవాడు ఉండడు. ఎవడి వంతో తేలదు. నీళ్లు పారినన్నాళ్లు ఇద్దరూ శిస్తు అడుగుతారు, తెగిననాడు ఇద్దరూ మాయమవుతారు.

రాజ్యాలు పడేది, లేచేది ఇక్కడే అని నా ఉద్దేశం. పండిన పంటలో వాటా ఎవడికి వెళ్తుంది, ఆ వాటా తిన్నందుకు వాడు ఏం చేయాలి అన్న ఒప్పందం ఒకటుంటుంది. మన సీమలో దశబంధం అనేవాళ్లు. చెరువు తవ్వించినవాడికో, మరమ్మతు చూసేవాడికో ఆయకట్టులో కొంత భూమి పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇస్తారు. వాడు కట్ట చూసుకోవాలి. పైకి వెళ్తే ఇదే పద్ధతి నాయంకరం అవుతుంది. రాజు నాయకుడికి సీమ ఇస్తాడు, నాయకుడు ఇన్ని గుర్రాలు, ఇంత కాల్బలం పెట్టి పిలిచినప్పుడు రావాలి. కిందా పైనా ఒకటే సూత్రం. కృష్ణరాయలు పోయిన కొన్నేళ్లకి అక్కడున్న నూనిజ్ అనే పోర్చుగీసువాడు రాసిపెట్టాడు: రెండు వందలకు పైగా నాయకులు, వాళ్లకి వచ్చే ఆదాయం 120 లక్షల వరహాలు, అందులో 60 లక్షలు రాజుకి కట్టాలి అని.

కాకతీయులకి రండి. పెద్ద చెరువులు చూడండి. పాకాల తవ్వించింది గణపతిదేవుడి మంత్రి కొడుకు జగదాల ముమ్మడి. రామప్ప గుడి, చెరువు రేచర్ల రుద్రుడివి. రాజు పేరు మనం చెప్పుకుంటాం గానీ డబ్బు పెట్టిందీ, మనుషుల్ని పోగేసిందీ కింది నాయకుడు. రాజు అతని మాట నిలబెట్టే పెద్దమనిషి. కాకతీయులే అలా పుట్టారు. రాష్ట్రకూటుల కింద, తర్వాత కల్యాణి చాళుక్యుల కింద సామంతులుగా ఉండి, పై రాజు బలం తగ్గాక రుద్రదేవుడు నేనే రాజునన్నాడు.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ రెండోసారి వచ్చి కోట పట్టుకున్నాడు, ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి పంపాడు, ఆయన దారిలో నర్మద ఒడ్డున పోయాడు. ఓరుగల్లుకి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. పైన రాజు లేడు, కింద నాయకులందరూ అలాగే ఉన్నారు. వాళ్ల ఊళ్లు వాళ్లవే, వాళ్ల కాల్బలం వాళ్లదే. కొత్తగా వచ్చినవాడు ఒప్పందం చేసుకోలేదు, వసూలు చేశాడు. రైతు పండించింది రైతుకి మిగల్లేదని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం వాపోతుంది. గెలిచినవాడు రాయించుకున్న శాసనం కాబట్టి కాస్త మసాలా ఉంటుంది, అది తీసేసినా విషయం తెలుస్తూనే ఉంది. ప్రోలయ తర్వాత కాపయ నాయకుడు ఓరుగల్లు పట్టుకున్నాడు. అతని కింద 75 మంది నాయకులు ఉన్నారని రెడ్డిరాణి అనితల్లి వేయించిన 1423 నాటి కలువచేరు శాసనం చెప్తుంది.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: కారణాలు ఎక్కడికీ పోలేదు. ‘సామంతుల తిరుగుబాట్లు’ అని నీ నోట్సులో రెండో పాయింటుగా రాసుకున్నదే మళ్లీ లేవడానికీ కారణం. అదే మనుషులు, అదే పద్ధతి. పైవాడితో కుదిరినప్పుడు సామ్రాజ్యం అంటాం, కుదరనప్పుడు తిరుగుబాటు అంటాం.


మోటుపల్లి రేవు:

కలివికోడి గారూ, చెరువు కట్ట మీంచి చూస్తే చెరువే కనిపిస్తుంది. నేను ప్రకాశం జిల్లా సముద్రం ఒడ్డువాణ్ని, నాకు రేవు కనిపిస్తుంది.

కాపయ నాయకుడి కింద 75 మంది ఉన్నారు సరే. మరి ఓరుగల్లు ఎందుకు మళ్లీ సామ్రాజ్యం కాలేదు? అద్దంకి రెడ్లు ఒకవైపు, రాచకొండ రేచర్లవాళ్లు ఒకవైపు ఎవరి రాజ్యం వాళ్లు పెట్టుకున్నారు. కాపయ గోల్కొండని బహమనీ సుల్తానులకి అప్పగించాడు, చివరికి 1368లో రేచర్లవాళ్లతో యుద్ధంలోనే పోయాడు. పద్ధతి ఒకటే అయితే హంపీలో పండింది ఓరుగల్లులో ఎందుకు పండలేదు?

నన్నడిగితే గుర్రాలు. మన దక్షిణాదిలో మంచి యుద్ధాశ్వం పుట్టదు, పుట్టినా నిలవదు. అరేబియా నుంచి, పారశీకం నుంచి ఓడలో రావాలి. పడమటి రేవులు ఎవరి చేతిలో ఉంటే గుర్రాలు వాళ్లవి. గణపతిదేవుడికి ఈ సంగతి తెలుసు. మోటుపల్లిలో 1244లో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ఇకమీదట సుంకం తప్ప ఏమీ తీసుకోం అని రాతి మీద రాసిచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రేవు పేరు మీదే దేశం మొత్తాన్ని చెప్పుకొచ్చాడు. అది రాజు చేసే పని. ఏ 75 మంది నాయకులూ విడివిడిగా చేయలేనిది.

విజయనగరం కూడా అంతే. రెండో దేవరాయలు బహమనీల చేతిలో దెబ్బలు తిని తన సైన్యంలో తురుష్క విలుకాళ్లని, రౌతుల్ని చేర్చుకున్నాడు, వాళ్లకోసం సింహాసనం ముందు ఖురాను పెట్టించాడు. కృష్ణరాయలు ఆముక్తమాల్యదలో రేవులు బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, మణులు దిగుమతి చేసుకోమని, దూరదేశపు వర్తకుల్ని మంచి చేసుకుని శత్రువు దగ్గరికి పోకుండా చూసుకోమని చెప్తాడు. రామరాయలు 1547లో గోవా పోర్చుగీసువాళ్లతో గుర్రాలన్నీ మాకే అమ్మాలని ఒప్పందం రాసుకున్నాడు. చెరువు నీళ్లు తాగి ఎవరూ రాయచూరు గెలవలేదండీ.


కలివికోడి:

మోటుపల్లి గారూ, అదే ఆముక్తమాల్యదలో ఇంకో పద్యం ఉంది, అది వదిలేశారు. దేశం విశాలంగా ఉంటే సంపద వస్తుంది, చిన్నదే అయితే చెరువులు, కాలువలు తవ్వించి బీదవాడికి పన్ను తగ్గించి వాణ్ని పైకి తీసుకొస్తే నీ ధనమూ పెరుగుతుంది, ధర్మమూ పెరుగుతుంది అని. రాయలు ఊరికే రాయలేదు. హోసపేట దగ్గర పెద్ద చెరువు కట్టిస్తుంటే పేజ్ అనే పోర్చుగీసు యాత్రికుడు చూశాడు. పదిహేను ఇరవై వేలమంది చీమల్లా పనిచేస్తున్నారట. కట్ట మళ్లీ మళ్లీ తెగిందట. (ఆ తర్వాత ఏం బలిచ్చారో పేజ్ రాశాడు, ఇక్కడ వద్దులెండి.) గుర్రం కొనడానికి వరహాలు కావాలి, ఆ వరహాలు మెట్ట నేలలో ఎక్కడి నుంచి వస్తాయి?

హంపీలో పండింది ఓరుగల్లులో ఎందుకు పండలేదు అన్నది మాత్రం సరైన ప్రశ్నే. నాకు తోచింది చెప్తాను. కాపయ దగ్గర కొత్తగా పంచడానికి ఏమీ లేదు. ఓరుగల్లు చుట్టూ మంచి చోట్లన్నీ అప్పటికే చెరువులైపోయాయి, అప్పటికే ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. పైగా 1347లో బహమనీలు పక్కనే లేచి కూర్చున్నారు. హరిహర బుక్కరాయలకి తుంగభద్ర కింద దక్షిణం అంతా తెరిచి ఉంది. వచ్చిన ప్రతి నాయకుడికీ ఒక సీమ చూపించి, పో, తవ్వుకో, పండించుకో, నాకింత కట్టు అనగలిగారు. ఉమ్మడి అనంతపురం జిల్లా బుక్కపట్నం చెరువు, ఉమ్మడి ప్రకాశంలో కంభం చెరువు, మా పోరుమామిళ్ల, అన్నీ ఆ రాజ్యం నాటివే. అన్నదమ్ములు ఓరుగల్లు ఖజానాలో పనిచేసి వచ్చారని ఒక పక్షం, హొయసలుల కింద పెరిగారని ఇంకో పక్షం ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి. ఎక్కడి నుంచి వచ్చినా సరే, చేసిన పని ఇది.

ఇందులో గుళ్ల పాత్ర కూడా పెద్దది. తిరుమల శాసనాలు చూడండి. ఒక దాత స్వామికి నైవేద్యం కోసం ఇంత సొమ్ము ఇస్తాడు. దేవస్థానం ఆ సొమ్ముని పెట్టెలో పెట్టదు. తన ఊళ్లలో ఒక చెరువుకో కాలువకో ఖర్చుపెడుతుంది. పెరిగిన పంటలోంచి రోజూ ఆ దాత పేరు మీద ప్రసాదం నడుస్తుంది, అందులో నాలుగో వంతు దాతకే. రాజు మారినా నైవేద్యం ఆగకూడదు కాబట్టి కాలువ కూడా ఆగదు. సంగమవాళ్లు పోయి సాళువ నరసింహుడు వచ్చాడు, ఆయన చంద్రగిరి నాయకుడే. తర్వాత వాళ్ల సేనాని నరస నాయకుడి కొడుకులు వచ్చారు, తుళువలంటే వాళ్లే. రాజు చేతకానివాడైన ప్రతిసారీ ఒక నాయకుడు లేచి గద్దెనెక్కాడు. పాఠ్యపుస్తకాల్లో దాన్ని రాజ్యాపహరణం అని తిడతారు. ఆ రాజ్యాన్ని రెండుసార్లు బతికించింది అదే.


కరిసల్ తెలుగు:

వణక్కం, నమస్కారం. నేను తమిళనాడులో కోవిల్‌పట్టి పక్క పల్లెవాణ్ని. ఇంట్లో తెలుగే, తెలుగు రాయడం మాత్రం పెద్దయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే ఏమనుకోవద్దు.

ప్రశ్న అడిగిన తమ్ముడు 1565 తర్వాత ఎందుకు లేవలేదు అన్నాడు. మా పక్కనుంచి చూస్తే లేచింది, కాకపోతే హంపీలో లేవలేదు. మధురకి విశ్వనాథ నాయకుడు రావడం కృష్ణరాయలు, అచ్యుతరాయల కాలం సంగతి. ఆయన, దళవాయి అరియనాథ ముదలియారు కలిసి మధుర కోటకి 72 బురుజులు కట్టి, ఒక్కో బురుజు ఒక్కో పాళెగాడికి అప్పజెప్పారని మా పెద్దలు చెప్తారు. ప్రతి పాళెగాడికీ ఒక పాళెం, ఇన్ని ఊళ్లు, ఇంత బలం. ఓరుగల్లు కోటకి కూడా బురుజుకొక నాయకుడు అనే కథ ఉందని విన్నాక నాకు భలే అనిపించింది. కథ కూడా నాయకులతోనే బండెక్కి దక్షిణానికి వచ్చినట్టుంది.

తంజావూరులో 1532 నుంచి 1673 దాకా నాయకులు ఏలారు. రఘునాథ నాయకుడి సభలో తెలుగు యక్షగానాలు ఆడారు, కావేరి ఒడ్డున! మధుర నాయకులు 1736 దాకా ఉన్నారు. తిరుమల నాయకుడి మహలు ఇప్పటికీ నిలబడి ఉంది, దాని స్తంభాలు చూస్తే హంపీ పోయిందని బాధపడేవాళ్లకి కొంత ఊరట.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. వీళ్లెవరూ పైకి కట్టడం ఇష్టపడలేదు. పెనుగొండలో అరవీటి వంశపు తిరుమలరాయలు, తర్వాత చంద్రగిరిలో వేంకటపతి రాయలు ఉన్నంతకాలం పేరుకి రాజే. 1614లో వేంకటపతి పోగానే వారసత్వం కోసం గొబ్బూరి జగ్గరాయడు కొత్త రాజుని, ఆయన కుటుంబాన్ని చంపించాడు. ఒక పిల్లవాణ్ని యాచమ నాయకుడు కాపాడాడు. తర్వాత తోపూరు దగ్గర యుద్ధం. తంజావూరు ఒక పక్క, మధుర, సెంజి ఇంకో పక్క. నాయకులు రాజ్యం కోసం కొట్టుకున్నారు, కానీ గెలిచినవాడెవడూ నరస నాయకుడిలా గద్దెనెక్కి అందరినీ కూర్చలేదు. ఎందుకో కలివికోడి గారే చెప్పాలి.


గ్రూప్స్ బెంచి:

అందరికీ చాలా థాంక్స్. కరిసల్ అన్నా, 72 బురుజుల సంగతి నా నోట్సులో ఎక్కడా లేదు! కలివికోడి సార్, నాకూ అదే డౌటు. సాళువ, తుళువ, అరవీటి, మూడుసార్లు నాయకులే లేచి రాజ్యాన్ని నిలబెట్టారు కదా. నాలుగోసారి ఎందుకు కాలేదు? గోల్కొండని ఏమనాలి? ఇదంతా పదిహేను మార్కుల జవాబులో పెట్టాలంటే టెన్షన్ వస్తోంది.


కలివికోడి:

ముందు గోల్కొండ. కాపయ వదులుకున్న ఆ కొండే తర్వాత రాజధాని అయింది. ఇబ్రహీం కుతుబ్‌షా గద్దెనెక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు నేర్చాడు, కవుల్ని పోషించాడు, మల్కిభరాముడు అని పిలిపించుకున్నాడు. 1565లో ఆయన రామరాయలకి ఎదురు నిలిచాడు, అది వేరే సంగతి. రాజ్యంలో మాత్రం కింద ఉన్న నాయకుల్ని, కరణాల్ని కదపలేదు. హుస్సేన్‌సాగర్ ఆయన కాలంలో కట్టిందే. చివరి సుల్తాను తానాషా దగ్గర మంత్రిత్వం చేసింది మాదన్న. నా దృష్టిలో ఓరుగల్లు తిరిగి లేచింది గోల్కొండలోనే. పైన మతం మారింది, కింద ఒప్పందం అదే. పరీక్షలో ఇలా రాస్తే కొందరికి నచ్చకపోవచ్చు, నీ ఇష్టం.

ఇక నాలుగోసారి. రాజు దగ్గర నాయకుడికి కావలసింది ఏదో ఉండాలి. సంగమవాళ్ల దగ్గర తెరవని నేల ఉంది. తుళువల దగ్గర మోటుపల్లి గారు చెప్పిన గుర్రాలున్నాయి (ఇదొక్కటి ఆయనకి ఇచ్చేస్తున్నా). చంద్రగిరిలో కూర్చున్నవాడి దగ్గర ఏముంది? కృష్ణా తుంగభద్రల మధ్య రాయచూరు నేల పోయింది. పడమటి రేవులతో దారి తెగింది. కావేరి కింద బంగారంలాంటి నేల తంజావూరు నాయకుడిది, అతనికి చంద్రగిరితో పనేముంది? రాజే నాయకుల్ని బతిమాలుకునే స్థితికి వచ్చాక ఆ గద్దె ఎక్కి ఎవడికి లాభం? అందుకే ఎవడూ ఎక్కలేదు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు మద్రాసు దగ్గర కొంత ఒడ్డు ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు. అతనికి అది కొత్త సంగతేం కాదు. నేల ఉంది, ఎవడో వచ్చి బాగుచేస్తానన్నాడు, మనకి ఆదాయం వస్తుంది. దశబంధం ఇచ్చినట్టే ఇచ్చాడు.

కానీ ఆ కంపెనీ చివరికి చేసింది ఏ ఢిల్లీవాడూ, ఏ బహమనీవాడూ చేయనిది. 1800లో నిజాం మన సీమ జిల్లాలు కంపెనీకి వదిలేశాడు. కలెక్టరుగా మన్రో వచ్చాడు. అప్పటికి ఈ జిల్లాల్లో 80 మంది వరకూ పాళెగాళ్లు ఉన్నారు. 1807లో మన్రో వెళ్లేనాటికి వాళ్ల చేతుల్లో కోటల్లేవు, బలగాల్లేవు. కొందర్ని పట్టుకున్నారు, కొందరికి పింఛను ఇచ్చారు. శిస్తు రైతు నుంచి నేరుగా కట్టించుకున్నారు (రైత్వారీ అంటే అదే), సిపాయికి నెలజీతం నేరుగా ఇచ్చారు. మధ్యలో నాయకుడితో పనే లేకుండా చేశారు. కట్టబొమ్మనని 1799లో కయత్తారులో ఉరితీసింది కూడా ఈ వరసలోనే, కరిసల్ తమ్ముడికి నేను చెప్పక్కర్లేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో లేచేనాటికి ఆ వంశంవాళ్లకి మిగిలింది పింఛను కాగితం. ఐదు వందల ఏళ్లు రాజ్యాల్ని ఎత్తిన, దించిన మనుషులు అక్కడితో అయిపోయారు. ఆ తర్వాత లేచినవాళ్లు వేరే పద్ధతిలో లేచారు.

అంతా చెడ్డే జరిగిందని అనను. పాళెగాళ్ల దెబ్బలాటల్లో ఊళ్లు తగలబడటం తగ్గింది. నష్టం ఎక్కడ జరిగిందంటే కట్టల మీద. 1858లో ఇనాం కమిషన్ వేసి ఇనాములు, అంటే దశబంధం లాంటి భూములు, లెక్కగట్టారు. చెరువు చూసుకోవాల్సినవాడికి పట్టా చేతికొచ్చింది, పని గుర్తులేకుండా పోయింది. మరమ్మతు ప్రభుత్వం నెత్తిన పడింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి చాలా చెరువుల్లో తూము దాకా పూడిక. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు 46 వేలకు పైగా చెరువులు లెక్కకొచ్చాయి. పేరు కాకతీయులది పెట్టారు, పూడిక తీశారు, మంచి పని. ప్రతి ఏడూ కట్ట మీద తుమ్మ చెట్టు పెరక్కుండా చూసే మనిషి ఎవరన్నది మాత్రం ఎస్టిమేటులో ఉండదు.

పరీక్షకి ఇలా రాయి. నీ ఐదు పాయింట్లు మొదటి పేరాలో రెండు వాక్యాల్లో ముగించు, దిద్దేవాడు వెతికేది అవే. మిగతా జాగాలో నాయంకరం ఒక్కటే పట్టుకుని 1163, 1323, 1336, 1485, 1565, 1614, 1800 మీదుగా నడిపించు. శాసనాల పేర్లు వేయి: మోటుపల్లి, విలస, పోరుమామిళ్ల, కలువచేరు. నాలుగు శాసనాలు సరిగ్గా రాసినవాడికి మార్కులు తగ్గించడానికి చెయ్యి రాదు.


మోటుపల్లి రేవు:

గుర్రాలు నాకు ఇచ్చేశారు, సంతోషం. ఇంకొకటి కూడా పుచ్చుకుని పోతాను. కంపెనీ సిపాయికి నెలజీతం నేరుగా ఇచ్చింది అన్నారు. ఆ జీతం డబ్బు మన్రో వసూలు చేసిన శిస్తు మొదలవకముందు ఎక్కడిది? 1765లో బెంగాల్ దివానీ, అంటే అక్కడి శిస్తు వసూలు హక్కు, చేతికొచ్చింది. మైసూరు యుద్ధాలకి కలకత్తా నుంచి మద్రాసుకి ఓడల్లో డబ్బు వచ్చింది. రేవు లేకపోతే మీ రైత్వారీ కూడా లేదు సార్.

తమ్ముడూ, జవాబులో 1244 పక్కన 1765 కూడా వేసుకో.